షట్టర్ మూసుకుందని ఎవరు చెప్పారు?

మా ఇల్లు పర్లాకిమిడిలో, ఆంధ్రా సరిహద్దు పక్కనే ఉన్న ఒడిశా ఊరు. వీధి వైపు తెరుచుకునే కారు షెడ్డు, దానికి పదడుగుల వెడల్పు ఇనప రోలింగ్ షట్టర్. (మా ఊళ్లో గ్యారేజీ అంటే మెకానిక్ షెడ్డే. అందుకే ఇక్కడ షెడ్డనే రాస్తాను.) ఆ షట్టర్‌కి మోటారు పెట్టించి నాలుగేళ్లు దాటింది. తర్వాత సెన్సార్లు, రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్‌లు) నేనే కూర్చుకున్నాను. ఇప్పుడు మా వీధిలో ఇంకో ముగ్గురు పెట్టించుకుంటామని సలహా అడుగుతున్నారు. అందరూ మొదట అడిగేది ఒకటే: ఏ మోటారు కొనాలి, ఏ యాప్ బాగుంటుంది? నేను చెప్పేది వేరు. షట్టర్ తెరిచి ఉందో మూసి ఉందో నిజం చెప్పే సెన్సార్ ముందు పెట్టించండి. అది పెట్టి, నెల రోజులు చూసి, దాని మాట నమ్మొచ్చని తేలాకే రిలే పెట్టండి.

ఈ మాట నాకు ఒక పెళ్లి రోజున తెలిసొచ్చింది.

మోటారు పెట్టించిన మొదటి ఏడాది మాఘంలో టెక్కలిలో మా పెదనాన్న మనవరాలి పెళ్లి. అప్పటికి మా దగ్గరున్నది ఆన్‌లైన్‌లో కొన్న చిన్న వైఫై కిట్. ఫోన్‌లో బటన్ నొక్కితే షట్టర్ లేస్తుంది, ఇంకో బటన్ నొక్కితే దిగుతుంది. కారు బయటికి తీసి, వీధి మలుపు దగ్గర ఆపి, దించే బటన్ నొక్కాను. షట్టర్ దిగడం అద్దంలో కనిపించింది. యాప్‌లో తాళం బొమ్మ పచ్చగా మారింది, దాని కింద మూసి ఉందని అక్షరాలు. బయల్దేరిపోయాం. మధ్యాహ్నం భోజనాల పంక్తిలో కూర్చోగానే ఎదురింటి పిన్ని ఫోన్ చేసింది.

"బాబూ, మీ షట్టర్ కింద రెండడుగులు తెరిచే ఉంది. వీధి కుక్క లోపల పడుకుంది. కావాలనే అలా వదిలారా?"

యాప్ తీసి చూశాను. పచ్చ తాళం. మూసి ఉంది.

జరిగింది తర్వాత అర్థమైంది. మేం మలుపు తిరిగేసరికి కరెంటు పోయింది. షట్టర్ దిగుతూ దిగుతూ నేలకి రెండడుగుల పైన ఆగిపోయింది. గంట తర్వాత కరెంటు వచ్చినా దానికి మళ్లీ దిగమని చెప్పినవాళ్లు లేరు. కిట్ మాత్రం తనకి చివరగా అందిన ఆజ్ఞనే గుర్తు పెట్టుకుని, అదే జరిగిందని నాకు చూపిస్తోంది. పిన్ని కొడుకు కింద నుంచి లోపలికి దూరి, కుక్కని తరిమి, చేతి గొలుసు లాగి షట్టర్ దించి, పెరటి తలుపు గుండా బయటికి వచ్చాడు. పోయిన వస్తువేమీ లేదు. కానీ ఆ పూట పెళ్లిలో నా మనసు లేదు.

రాత్రి ఇంటికి వచ్చాక నాన్న ఒకటే ప్రశ్న అడిగారు.

"మూసుకుందని దానికెవరు చెప్పారు?"

"నేనే కదా నాన్నా, బటన్ నొక్కింది."

"నువ్వు మూయమని చెప్పావు. మూసుకుందని ఎవరు చెప్పారు?"

నాన్న రైల్వేలో కేబిన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. నౌపడలో, పలాసలో ఏళ్ల తరబడి లివర్లు లాగిన మనిషి. ఆ రాత్రి మంచం మీద కూర్చుని ఆయన చెప్పింది నేను అప్పటిదాకా చదివిన ఏ సూచనల పుస్తకంలోనూ లేదు. కేబిన్‌లో లివర్ లాగితే ఎక్కడో దూరంగా సిగ్నల్ చెయ్యి కదలాలి. మధ్యలో ఉన్నది పొడుగాటి తీగ. ఎండకి సాగుతుంది, చలికి బిగుస్తుంది, ఒక్కోసారి తెగుతుంది. కాబట్టి లివర్ లాగినంత మాత్రాన సిగ్నల్ పడినట్టు లెక్క కాదు. చెయ్యి కనిపిస్తుంటే కళ్లతో చూడాలి. మలుపు అవతలో చెట్ల చాటునో ఉండి కనిపించకపోతే, దాని స్థితిని చూపే రిపీటర్ కేబిన్‌లో ఉంటుంది. దాన్ని నడిపేది సిగ్నల్ చెయ్యే, లివర్ కాదు. "మన లివర్ మనకి చెప్పేది ఏమీ లేదురా, అవతలి చెయ్యి చెప్పాలి" అన్నారు.

తర్వాత ట్రాక్ సర్క్యూట్ సంగతి చెప్పారు. దీని మీద కాస్త ఆగుతాను, ఎందుకంటే నా షట్టర్‌లో ఇవాళ నడుస్తున్నది ఇదే సూత్రం. పట్టాల్లో కొంత భాగాన్ని రెండు చివర్లా మిగతా పట్టాలతో కరెంటు కలవకుండా విడదీస్తారు. ఆ భాగానికి ఒక కొసన బ్యాటరీ, రెండో కొసన రిలే. దారి ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు ఒక పట్టా మీదుగా వెళ్లి, రిలే గుండా, రెండో పట్టా మీదుగా తిరిగి వస్తుంది. రిలే ఎత్తుకునే ఉంటుంది. బండి ఎక్కగానే చక్రాలూ ఇరుసూ రెండు పట్టాలనీ కలిపేస్తాయి, కరెంటు అడ్డదారిలో వెనక్కి పోతుంది, రిలే పడిపోతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. అసలు గొప్పతనం ఇక్కడుంది: పట్టా విరిగినా, తీగ తెగినా, బ్యాటరీ చచ్చినా రిలే పడిపోయేదే. కరెంటు నిక్షేపంగా పారుతుంటేనే 'దారి ఖాళీ'. పారకపోతే, కారణం ఏదైనా సరే, 'ఆగు'. విలియం రాబిన్సన్ అనే అమెరికన్ 1872లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. రిలే అప్పటికే టెలిగ్రాఫ్ తీగల దగ్గర ఉన్నదే. ఆయన చేసిందల్లా అది పడిపోయినప్పుడు ఏ అర్థం రావాలో సరిగ్గా ఎంచుకోవడం.

ఆ కిట్ నాకు అమ్మినవాళ్లు దీనికి సరిగ్గా తలకిందులుగా చేశారు. సమాచారం లేకపోతే 'అంతా బాగుంది' అని చూపించారు.

మర్నాడే కిట్ విప్పేశాను. వేసవి సెలవుల్లో నోడ్‌ఎంసీయూ అనే, మనమే ప్రోగ్రాం రాసుకునే చిన్న బోర్డు తెప్పించాను. లోపలున్నది ఈఎస్‌పీ8266 చిప్పు, వైఫై అందులోనే ఉంటుంది, 3.3 వోల్టుల మీద నడుస్తుంది, 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటుంది. దాంతోపాటు రెండు రిలేలున్న బోర్డు, రెండు రీడ్ స్విచ్‌లు. (ఈ మాటలకి తెలుగులో పేర్లు పుట్టించమని ఒక మిత్రుడు అడిగాడు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. జనం నోట ఆడే మాటే రాతలోకి రావాలని ఆయన జీవితమంతా పోరాడారు. మా మిస్త్రీ తెలుగులోనూ ఒడియాలోనూ రిలే అనే అంటాడు. నేనూ అదే రాస్తాను.)

రీడ్ స్విచ్ అంటే చిన్న గాజు గొట్టంలో ఎదురెదురుగా రెండు సన్నని లోహపు రేకులు. అయస్కాంతం దగ్గరికొస్తే అంటుకుంటాయి, దూరమైతే విడిపోతాయి. 1930లలో బెల్ ల్యాబ్స్‌లో టెలిఫోన్ల కోసం తయారు చేశారు. గాజులో మూసి ఉంటుంది కాబట్టి దుమ్ము, చెమ్మ, తుప్పు లోపలికి పోవు. మహేంద్రగిరి వైపు నుంచి నాలుగు నెలలు వాన కొట్టే ఊరికి ఇంతకంటే తగిన వస్తువు లేదు. షట్టర్ అడుగు పట్టీకి అయస్కాంతం బిగించాను. గైడ్ చానల్ పక్కన నేల దగ్గర ఒక రీడ్, పైన షట్టర్ పూర్తిగా చుట్టుకునే చోట ఇంకొకటి.

రెండెందుకని మిస్త్రీ అడిగాడు. కింద ఒక్కటే ఉంటే 'మూసి ఉంది', 'మూసి లేదు' అని రెండే మాటలు వస్తాయి. పైనొకటి ఉంటే, అదీ ఇదీ రెండూ లేదంటే షట్టర్ మధ్యలో ఉందని అర్థం. మా పెళ్లి రోజు కథ అదే. రెండూ ఒకేసారి ఉందంటే? అది జరగడానికి వీల్లేని పని, అంటే ఎక్కడో తీగ కలిసిపోయింది. అప్పుడు నా బోర్డు ఏ ఆజ్ఞనీ తీసుకోదు, బజర్ మోగిస్తుంది. ఈ నాలుగో స్థితిని చాలామంది పట్టించుకోరు. పట్టించుకోండి. మా ఇంట్లో ఎలుకలు తీగల తొడుగు కొరికినప్పుడు మొదట తెలిసింది దీనివల్లే.

తీగ కలపడంలోనూ నాన్న పట్టాల పద్ధతే. షట్టర్ మూసినప్పుడు రీడ్ అంటుకుని, సర్క్యూట్ పూర్తవుతుంది. ఆ కరెంటు వస్తేనే 'మూసి ఉంది'. ఎలుక తీగ తెంపినా, టంకం ఊడినా, అయస్కాంతం రాలిపోయినా బోర్డుకి కనిపించేది 'మూసి లేదు'. దాంతో ఎవరో ఒకరు లేచి వెళ్లి చూస్తారు. అనవసరంగా ఒకసారి లేవడం వల్ల నష్టం లేదు.

మొదట పెట్టిన రీడ్ కిటికీలకి వాడే చిన్న రకం. అది నా పొరపాటు. షట్టర్ ఇనపది, అయస్కాంతపు బలాన్ని చుట్టూ ఉన్న ఇనుమే లాగేసుకుంటుంది. పైగా గాలి వీచినప్పుడల్లా షట్టర్ ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఒక రాత్రి గాలికి, బోర్డు రాసుకునే లాగ్‌లో తెరిచింది, మూసింది, తెరిచింది, మూసింది అని పేజీ నిండిపోయింది. షట్టర్ల కోసమే అమ్మే అల్యూమినియం తొడుగున్న పెద్ద రకం వేశాక, ఏ మార్పైనా రెండు సెకన్లు నిలకడగా ఉంటేనే లెక్కలోకి తీసుకోమని ప్రోగ్రాంలో రాశాక కుదుటపడింది.

అలా నెల రోజులు కళ్లు మాత్రమే పెట్టుకుని, బటన్ చేత్తోనే నొక్కుతూ గడిపాం. ఆ తర్వాతే రిలే.

రిలే విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. మోటారుకి వెళ్లే 230 వోల్టుల తీగని మీ చిన్న రిలే బోర్డు గుండా పంపకండి. షట్టర్ కంట్రోల్ బాక్సులో గోడ బటన్ కోసం పిన్నులు ఉంటాయి: పైకి, ఆపు, కిందికి, ఉమ్మడి. రిలే చేయాల్సింది ఆ బటన్‌ని అర సెకను నొక్కి వదిలే వేలి పని, అంతే. పైకీ కిందికీ రెండు ఆజ్ఞలూ ఒకేసారి వెళ్లకుండా ఒక రిలే కాంటాక్ట్ గుండానే రెండోదాని తీగ వెళ్లేలా కట్టండి. ప్రోగ్రాం పొరపడినా తీగలు పొరపడవు. ఇది కూడా కేబిన్ పద్ధతే. ఒకదానికొకటి ఎదురయ్యే రెండు లివర్లు కలిసి రాకుండా ఇంటర్‌లాకింగ్ ఉంటుంది, కేబిన్‌మన్ ఎంత లాగినా రావు. ఇక షట్టర్ మొత్తం ఇనుమే కాబట్టి ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత చూపించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్) పెట్టించండి. పిల్లలు తడి చేతులతో ముట్టుకునే వస్తువు అది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఆషాఢంలో ఒక రాత్రి నా గుండె ఆగినంత పనైంది. రెండు దాటాక పోయిన కరెంటు వచ్చింది. ఫ్యాన్ తిరగడం మొదలైంది, దాంతోపాటే షెడ్డులో గరగరమని చప్పుడు. ఎవరూ ఏమీ నొక్కకుండానే షట్టర్ పైకి లేస్తోంది. వంటింట్లో బజర్ మోగింది. అడగకుండా కదిలితే మోగమని నేను పెట్టుకున్నదే. అమ్మ, నేను పరిగెత్తాం. దించాక, రెండుసార్లు గొళ్లెం తడిమి చూసుకుని కూడా తెల్లారేదాకా నిద్ర పట్టలేదు.

కారణం వెతకడానికి రెండు రోజులు పట్టింది. ఈఎస్‌పీ8266 కరెంటు అందుకుని మేలుకునే క్షణంలో, మన ప్రోగ్రాం ఇంకా మొదలవకముందే, కొన్ని పిన్నులు వాటంతటవే హై స్థితిలోకి, అంటే వోల్టేజీ ఉన్న స్థితిలోకి వెళతాయి. బోర్డు మీద డీ0 అని రాసి ఉండే జీపీఐఓ16 అలాంటిదే. నేను పైకి లేపే రిలేని సరిగ్గా దానికే కలిపాను. నా రిలే బోర్డు హై వస్తే పనిచేసే రకం. అంటే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ నా బోర్డు ఒక్క క్షణం 'తెరువు' అంటోందన్నమాట. మామూలుగా కంట్రోల్ బాక్సు కాస్త ఆలస్యంగా మేలుకునేది కాబట్టి ఆ ఆజ్ఞ దానికి వినబడలేదు. ఆ రాత్రి వినబడింది. డీ1, డీ2 అని ఉండే జీపీఐఓ5, జీపీఐఓ4 అలా చేయవు. రిలేలని వాటికి మార్చాను. పిన్నుకీ గ్రౌండుకీ మధ్య పది కిలో ఓమ్‌ల రెసిస్టరు పెట్టాను, ఏ సందేహం ఉన్నా కిందనే ఉండేట్టు. తర్వాత మోటారు తీగ విప్పేసి, నాన్న మెయిన్ దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని యాభైసార్లు వేసి తీశారు. నేను రిలే మీద ఎర్ర దీపం వంక చూస్తూ కూర్చున్నాను. ఒక్కసారీ వెలగలేదు.

ఈ కష్టం మన ఊళ్లకే ప్రత్యేకం. అమెరికా నుంచి వచ్చే వీడియోల్లో కరెంటు పోవడం అనే సంగతే ఉండదు. సరిహద్దులో ఉన్నవాళ్లకి వేసవి గాలివానకి లైను తెగడం, అర్ధరాత్రి రావడం మామూలు. మీ పరికరం కరెంటు ఉన్నప్పుడు ఎలా ఉంటుందో కాదు, వచ్చిన మొదటి సెకనులో ఏం చేస్తుందో చూసి కొనండి. ఇప్పుడు మా బోర్డు, రీడ్లు, రౌటరు, బజర్ ఇన్వర్టర్ లైను మీద ఉన్నాయి. మోటారు మాత్రం మెయిన్ మీదే, ఎందుకంటే మోటారు కదిలే మొదటి క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, చిన్న ఇన్వర్టర్ తట్టుకోలేదు. కాబట్టి కరెంటు లేనప్పుడు షట్టర్ కదలదు, కానీ తాను ఎక్కడుందో చెబుతూనే ఉంటుంది.

ఇక రిమోట్. మోటారుతో రెండు రిమోట్లు వచ్చాయి, 433 మెగాహెర్ట్జ్‌వి. మూడోది కావాల్సి వచ్చి బజార్లో తాళాలు చేసే కుర్రాడి దగ్గరికి వెళ్లాను. నా రిమోట్ పక్కన ఖాళీ రిమోట్ పెట్టి, రెండు బటన్లు నొక్కి, నిమిషంలో చేతిలో పెట్టాడు. సంతోషంగా ఇంటికి వచ్చి, సగం దారిలో ఆగిపోయాను. నా ముందు అది చేసిన కుర్రాడు నేను లేనప్పుడూ చేయగలడు కదా. ఆ కుర్రాడి మీద నాకు ఏ అనుమానమూ లేదు. అనుమానం ఆ రిమోట్ మీద. ఎప్పుడు నొక్కినా అది ఒకే కోడ్ పంపుతుంది.

ఒకే కోడ్ ఎంత బలహీనమో సామీ కామ్‌కర్ అనే భద్రతా పరిశోధకుడు 2015లో చూపించాడు. పిల్లలు మెసేజీలు పంపుకునే పాత బొమ్మ ఒకటి తీసుకుని, దాని ప్రోగ్రాం మార్చి, స్థిరమైన కోడ్ వాడే గ్యారేజీ తలుపుని పది సెకన్లలోపు తెరవొచ్చని నిరూపించాడు. అందులో ఒక ముఖ్యమైన కిటుకు మన తెలుగు బడి పిల్లలకి ముందే తెలుసు. ఛందస్సు క్లాసులో యమాతారాజభానసలగం అని బట్టీ పట్టాం, గుర్తుందా? ఎనిమిది గణాలు, ఒక్కోదానికి మూడక్షరాలు. విడివిడిగా రాస్తే ఇరవై నాలుగు అక్షరాలు కావాలి. కానీ యమాతా అంటే యగణం, ఒక అక్షరం జరిగి మాతారా అంటే మగణం, ఇంకో అక్షరం జరిగి తారాజ అంటే తగణం. ఒకదాని తోక ఇంకోదాని తల. అలా పది అక్షరాల్లో ఎనిమిది గణాలూ ఇమిడిపోయాయి. గురువు, లఘువు బదులు ఒకటి, సున్నా అనుకోండి. పన్నెండు బిట్ల రిమోట్‌కి 4,096 కోడ్‌లు. విడివిడిగా పంపితే 49,152 బిట్లు. ఒకదాని మీద ఒకటి జరుపుతూ పంపితే 4,107 చాలు. మధ్యలో ఆగకుండా బిట్లు వస్తూ ఉంటే, వాటిలో తన కోడ్ ఎక్కడ కనిపించినా పాత రిసీవర్లు తలుపు తెరిచేసేవి. అందుకే అది పనిచేసింది. లెక్కల శాస్త్రంలో దీన్ని డి బ్రూయిన్ వరుస అంటారు.

నొక్కిన ప్రతిసారీ కోడ్ మారే రోలింగ్ కోడ్ రిమోట్లు దొరుకుతాయి. ఖరీదు కాస్త ఎక్కువ. ఆ డబ్బు పెట్టండి. మా పాత రిసీవర్ తీసేసి అదే పెట్టించాను.

హైదరాబాద్‌లో ఉండే మా బావ ఇదంతా విని, "ఇంత టెన్షన్ ఎందుకు, మంచి కంపెనీ క్లౌడ్ పరికరం కొనేస్తే వాళ్లే చూసుకుంటారు కదా" అన్నాడు. బావ మాటని నేను తేలిగ్గా తీసుకోను. అందరికీ టంకం పెట్టే ఓపిక ఉండదు. కానీ తలుపు విషయంలో ఒప్పుకోలేను. 2023 ఏప్రిల్‌లో నెక్స్ అనే కంపెనీ గ్యారేజీ పరికరాల గురించి అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సీసా హెచ్చరిక ఇచ్చింది. పరికరాలన్నిటికీ పనికొచ్చే పాస్‌వర్డ్ లోపలే రాసి పెట్టి ఉండటంతో, దాన్ని పట్టుకున్నవాడు ముక్కూ మొహం తెలియనివాళ్ల తలుపులు తెరవగలిగే పరిస్థితి. అదే ఏడాది నవంబరులో చాంబర్లేన్ అనే గ్యారేజీ ఓపెనర్ల కంపెనీ తన సర్వర్‌ని బయటి సాఫ్ట్‌వేర్లు వాడకుండా ఆపేసింది. ఇంట్లో సొంతంగా అమర్చుకున్న ఎంతోమందికి తలుపు స్థితి ఒక్కసారిగా కనిపించడం మానేసింది. తలుపు వాళ్లది, మోటారు వాళ్లది, డబ్బు వాళ్లది. తెరిచి ఉందో లేదో తెలుసుకునే హక్కు మాత్రం ఇంకొకరి చేతిలో ఉంది. మాకైతే ఇంకో చిక్కు కూడా: గాలివాన వస్తే కరెంటు కంటే ముందు ఇంటర్నెట్ పోతుంది. షెడ్డులోంచి వంటింటికి వెళ్లాల్సిన కబురు సముద్రాలు దాటి తిరిగి రావడం ఎందుకు?

మా ఇంట్లో ఆ కబురు ఇంట్లోనే ఉంటుంది. అల్మరాలో రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్, దాని మీద పరికరాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకునే ఎంక్యూటీటీ. ఇది 1999లో చమురు పైపులైన్ల మీద నిఘాకి, శాటిలైట్ లింకుల మీద నడపడానికి పుట్టిన పద్ధతి. అందుకే లింకు తెగిపోవడం దీనికి కొత్త కాదు. ఇందులో నాకు బాగా నచ్చింది వీలునామా. పరికరం కలిసేటప్పుడే 'నేను కనబడకుండా పోతే అందరికీ ఈ మాట చెప్పు' అని రాసిచ్చేస్తుంది. మా బోర్డు రాసిచ్చింది 'షట్టర్ సంగతి తెలియదు' అని. ఒక జాగ్రత్త: స్థితిని దాచి ఉంచే పద్ధతిలో పంపొచ్చు, ఆజ్ఞని మాత్రం ఎప్పుడూ అలా పంపకండి. దాచి ఉంచిన 'తెరువు' అన్న మాట, బోర్డు మళ్లీ కలిసిన ప్రతిసారీ దాని చెవిన పడుతుంది.

షట్టర్ కింద ఎవరైనా ఉంటే ఎలా? నా మటుకు నాకు దొంగల భయం కంటే ఇదే పెద్దది. ఎండ వేళ మా షట్టర్ నీడలో మేకలు పడుకుంటాయి. పిన్ని మనవరాలు ఆ గడప మీదే కూర్చుని గవ్వలాడుతుంది. అమెరికాలో గ్యారేజీ తలుపుల కింద పడి పిల్లలు చనిపోయాకే, 1993 నుంచి తయారయ్యే ప్రతి ఇంటి ఓపెనర్‌కీ అడ్డం వస్తే పసిగట్టే అదనపు రక్షణ ఉండాలని చట్టం చేశారు. ఎక్కువగా కనిపించేది నేలకి 6 అంగుళాల లోపు ఎత్తులో అటూ ఇటూ పెట్టే ఫొటో సెన్సార్. మన షట్టర్లు చాలావరకు ఇది లేకుండానే బిగిస్తున్నారు. ఫిట్టర్‌ని అడిగితే "ఎవరూ పెట్టించుకోరు మవుసా" అని నాన్నతో అన్నాడు (మవుసా అంటే ఒడియాలో బాబాయ్). మేం పెట్టించాం, అదీ రెండు జతలు. కింద ఉన్న కిరణం కారు చక్రాల మధ్య నుంచి, బండి అడుగు కిందుగా అవతలికి పోతుంది, ఏమీ లేదనుకుంటుంది. అందుకే మోకాలి ఎత్తులో ఇంకొకటి. రెండూ తీగతో నేరుగా కంట్రోల్ బాక్సుకే. వైఫైకీ నా ప్రోగ్రాంకీ దాంతో సంబంధం లేదు, ఉండకూడదు కూడా. పదిహేను రోజులకోసారి సాలెగూడు తుడవాలి. ఇక కనబడకుండా మూయడం మా ఇంట్లో లేదు. ఫోన్‌తో తెరవడానికి కుదురుతుంది, మూయడానికి షట్టర్ కనిపించే చోట నిలబడి బటన్ నొక్కాల్సిందే.

ఊళ్లో ఉన్న మావయ్య మాత్రం మొత్తం ఆలోచననే కాదంటాడు. "చేత్తో ఎత్తే షట్టర్‌కి ఏం లోటు వచ్చిందిరా?" అంటాడు. ఆయన మాటలో సగం నాకూ ఇష్టమే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ఎందరో పోయారు. ఆ తెల్లవారుజామున ఎదురింటి తాతయ్యకి ఆయాసం ఎక్కువైంది. వీధిలో చెట్టు కొమ్మలు, మోకాలి లోతు నీళ్లు, కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. అప్పటి మా షట్టర్ చేత్తో ఎత్తేదే. నాన్న ఒక కొస, నేనొక కొస పట్టుకుని ఎత్తేశాం, కారు తీశాం. ఆస్పత్రికి చేరాం. మా వీధికి కరెంటు రావడానికి వారం పైనే పట్టింది. ఆ రోజు మోటారు మాత్రమే ఉన్న షట్టర్ అయ్యుంటే ఏమయ్యేదో నేను మర్చిపోలేదు.

అందుకే చేతి గొలుసు ఉన్న సైడ్ మోటారే తీసుకున్నాం. గొట్టంలా లోపల ఇమిడిపోయే రకం చూడ్డానికి బాగుంటుంది, కానీ వాటిలో చాలావాటికి గొలుసు ఉండదు. బిగించడానికి వచ్చిన ఫిట్టర్ ఆ గొలుసుని పైకి చుట్టి కవరులో దాచేద్దామన్నాడు, వేలాడుతుంటే అందంగా ఉండదని. వద్దన్నాం. అమ్మ చేతికి అందేంత కింద దాకా ఉంచాం. నెలకోసారి మెయిన్ ఆపేసి అమ్మ చేత లాగిస్తాం. గొలుసు షెడ్డు లోపల ఉంటుంది కాబట్టి పెరటి వైపు తలుపు ఉండాలి. అది లేని ఇంటికి నేను మోటారు పెట్టించమని చెప్పను.

మావయ్యకి మిగతా సగానికి జవాబు నాన్న మోకాళ్లు. తిత్లీ నాటికి ఎత్తగలిగిన మనిషి రెండేళ్ల తర్వాత వంగలేకపోయారు. అమ్మకి మణికట్టు నొప్పి. నేను బడికి వెళితే సాయంత్రం దాకా రాను. మందుల షాపుకి వెళ్లాలంటే పక్కింటి కుర్రాడి కోసం ఎదురుచూడాల్సి రావడం నాన్నకి ఎంత కష్టంగా ఉండేదో ఆయన ఎప్పుడూ చెప్పలేదు, మాకు కనిపించేది.

ఇప్పుడు వంటింట్లో గ్యాసు పొయ్యి పైన చిన్న డబ్బా ఉంది, దానికి రెండు దీపాలు. పచ్చది వెలిగితే షట్టర్ మూసి ఉంది. ఎర్రది వెలిగితే మూసి లేదు. ఏదీ వెలగకపోతే వెళ్లి చూడాలి. యాప్ ఉంది కానీ అమ్మ దాన్ని తెరవదు, ఆ డబ్బా వంక చూసి పడుకుంటుంది. నాన్న గూట్లో పాత లెడ్జరు పుస్తకం ఒకటి పెట్టుకున్నారు. కేబిన్‌లో ట్రైన్ రిజిస్టర్ రాసినట్టే గీతలు కొట్టి రోజూ రాస్తారు. ఇవాళ్టి పేజీలో ఆఖరి వరుస ఇలా ఉంది: "రాత్రి 9-40 కిందికి ఇచ్చాను. 9-41 పచ్చ దీపం వచ్చింది. చేత్తో తాకి చూశాను, మూసి ఉంది."